మోకాలు అక్కర్లేని తలుపు

నా వ్యాను తలుపు వేయడం రాని మనిషి మా తండాలో ఒకప్పుడు ఉండేవాడు కాదు. అదొక విద్య. బయట నుంచైతే ఎడమ చేత్తో పిడి పట్టుకొని, కుడి మోకాలు తలుపు అంచు కింద పెట్టి, అర వేలెడు పైకెత్తి ఒక్క దెబ్బ కొట్టాలి. లోపలి నుంచైతే అడ్డపిడి కిందికి మోకాలు దూర్చి ఎత్తి లాగాలి. కొత్త కోడలు తండాలో అడుగుపెడితే ముందు కాళ్లకు నీళ్లు, ఆ తర్వాత ఈ పాఠం. పంతులును నేనే. మా మేక కూడా నేర్చుకుందని హుజూర్‌నగర్ సంతలో చెప్పాను. మేక మోకాలు ఎటు మడుస్తుందని ఒక్కడూ అడగలేదు. కథ బాగుంటే జనం మోకాళ్ల దాకా పోరు.

విద్య నేర్వనివాడి గతి చెప్పడానికి నా దగ్గర బిచ్చా కథ ఉండేది. బిచ్చా నా ఈడువాడు, నాతో గోలీలాడినవాడు. ముప్ఫై అయిదేళ్ల కింద నాట్లకు పోతూ ఆఖరున ఎక్కి, మోకాలు పెట్టకుండా తలుపు లాగాడు. కాల్వ వంతెన మీద బండి ఎగిరింది, తలుపు తెరుచుకుంది, బిచ్చా గాల్లోకి లేచాడు. కొంగలా నాలుగు చుట్లు తిరిగి పక్క మడిలో నిలువునా దిగాడు. చేతిలో నారుకట్ట ఉండనే ఉంది. నేను బండి వెనక్కి తీసుకొచ్చేసరికి రెండు సాళ్లు నాటేసి, "అరే హర్యా, ఇంత ఆలస్యమేందిరా, బీడీ ఉన్నదా?" అని అడిగాడు.

ఆ వంతెన వచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పేవాణ్ని. బండిలో ఆడవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్లు. బిచ్చా మాత్రం ఆనాటి నుంచి నా బండి ఎక్కలేదు. ఎందుకని అతన్ని అడిగే పని పెట్టుకోలేదు నేను.

తర్వాత వ్యాను పదకొండేళ్లు మూలపడి ఉంది. నిరుడు వానాకాలం దాకా దాన్ని ఇంటెనక కోళ్లకు వదిలేశాను.

మృగశిర దాటి, సాగర్ కాల్వకు నీళ్లొదిలిన వారానికి చంద్రమౌళి ట్రాలీ ఆటోతో మా తండాకొచ్చాడు. అతనిది కోదాడ. కూలి ముఠాలను రైతులకు కుదిర్చే మేస్త్రి. ఆ ట్రాలీ బస్తాలు మోయడానికి పుట్టింది. వెనక తలుపుండదు, అడ్డంగా ఒక గొలుసు. అందులో ఇరవై మందిని కుక్కి తీసుకెళ్లేవాడు. అంతకు ముందటి యాసంగిలో ఒక మలుపు దగ్గర మా పక్కింటి కోడలు సరళ అందులోంచి జారి పడింది. తొడ ఎముకకు రాడ్డేశారు. ఇప్పటికీ కట్టె పట్టుకొని నడుస్తుంది.

ఆ పొద్దున సద్దిగిన్నెలు పట్టుకొని ఆడవాళ్లంతా రోడ్డు మీదికైతే వచ్చారు గాని, ఎవరూ ట్రాలీ ఎక్కలేదు.

"ఏంటమ్మా, ఎక్కరేంటి? ఎండెక్కుతోంది," అన్నాడు చంద్రమౌళి.

"ఎక్కం," అంది నా కోడలు తార. ముఠాకు పెద్ద తనే.

"ఎక్కరా? ఏమైంది?"

"ఎనక తలుపేది?"

"ట్రాలీకి తలుపేంటమ్మా! గొలుసుంది కదా."

"సరళక్క పడ్డనాడు గూడ గా గొలుసు ఉండె."

"అది గట్టిగా పట్టుకుని కూర్చోవాలి కదా. అంతమంది పట్టుకున్నారు, ఆ అమ్మాయొక్కతే..."

గడపలో కూర్చున్న సరళ తల తిప్పి చూసింది. చంద్రమౌళి ఆ మాట అక్కడే మింగాడు.

"నీ ట్రాలీల బర్లనెక్కించుకో మౌళన్నా," అంది శిరీష, ముఠాలో అందరికంటే నోరున్న పిల్ల. "నాలుగు కాళ్లుంటయి, గట్టిగ పట్టుకుంటయి."

ఆడవాళ్లు నవ్వారు. తార నవ్వలేదు. "తలుపు పడని బండి ఎక్కేది లేదు. ఇరవై ముగ్గురం అనుకున్నం. నారు ముదిరినా సరే, మేం పస్తున్నా సరే."

"మీరు రాకపోతే బయటి ముఠాలొస్తాయమ్మా. ఒకసారి వాళ్లు దిగితే రైతులు మిమ్మల్ని మళ్లీ పిలవరు. సీజనంతా ఇంట్లో కూర్చుంటారు."

అది ఉత్త బెదిరింపు కాదని తండాలో అందరికీ తెలుసు. నాట్ల నెలన్నరే మాకు ఏడాది. ఇట్లాంటప్పుడు ఊరుకుంటే నేను హర్యాను ఎందుకవుతాను? నోరు తెరిచాను.

"మా వ్యానుకు తలుపున్నది."

చంద్రమౌళి మా ఇంటెనక్కి తొంగి చూశాడు. డ్రైవరు సీటు మీద కోడి పొదుగుతోంది. "దానికి తలుపెక్కడుంది నాయక్, తాడుంది."

"తాడు ఇప్పి లాక్ మంచిగ చేస్త. నిజాం కోట తలుపులకు మా తాతే తాళాలేసిండు, నీకెర్కలేదు."

"నువ్వా డబ్బాకి తలుపు పడేలా చెయ్యి, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా," అని ట్రాలీ తిప్పుకొని వెళ్లిపోయాడు.

ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. మా తాత బతుకంతా పూరిపాకలో గడిపినవాడని, దానికి తలుపే లేదని వాళ్లకు తెలుసు.

తార హుజూర్‌నగర్ దగ్గరి రైతు వెంకట్‌కు ఫోన్ చేసింది. ఇరవై ఎకరాల నారు పోసుకున్న మనిషి. "అమ్మా, మీ చేతి నాటంటే నాకు ఇష్టమే," అన్నాడాయన. "వచ్చే బేస్తవారం దాకా ఆగుత. ఆ తర్వాత నారు నా మాట వినదు." చేతిలో తొమ్మిది రోజులున్నాయి.

ఇంజను తేలికగానే లొంగింది. లింగ్యా అనే మెకానిక్కు రెండు రోజులు కూర్చుంటే దగ్గి, తుమ్మి, నల్లగా ఊది లేచింది. బ్రేకులు, టైర్లు అన్నీ అతనే చూసుకున్నాడు. తలుపు మాత్రం నాకు వదిలేయమన్నాను. మాటిచ్చింది నేను కదా.

తలుపు లోపలి రేకు మరలు విప్పి లాక్ బయటికి తీశాను. అందులో చిన్న పళ్ల చక్రం ఉంటుంది. తలుపు వేయగానే అది తలుపు ఆనుకునే నిలువు గుంజకున్న పళ్ల పట్టీలో కరుచుకుంటుంది. చక్రం పళ్లు అరిగి, చప్పరించిన రేగుగింజలా నున్నగా అయ్యాయి. గుంజ పట్టీకైతే పళ్లే లేవు, నా నోటిలాగే.

పట్టీ కోసం మిర్యాలగూడ పోయాను. అక్కడ గోవర్ధన్ సేటు రైసుమిల్లు వెనక నా బండికి కవలపిల్ల లాంటి వ్యాను తుప్పు పట్టి ఉంది. ఒకప్పుడు మిల్లు బస్తాలు నా బండి మీద తోలినవాణ్ని, మొహమాటం లేదు.

"ఏం నాయక్, బతికే ఉన్నవా? పోయిన ఏడు నువ్వు పోయినవని ఎవరో అంటే పాపమనుకున్న," అన్నాడు సేటు.

"పోయిన సేటూ. పైన నాట్లకు మనిషి సాలకపోతే మళ్లా పంపిండ్రు."

సేటు కడుపు కదిలేలా నవ్వి, పట్టీ విప్పుకోమన్నాడు. నేను మరలు తిప్పుతుంటే పక్కన నిలబడి, "పట్టీ ఒక్కటే తీస్కపోతవా? తలుపును సుత సూసినవా ఎప్పుడన్న?" అన్నాడు. వడ్లు కొనేవాడికి లాకుల సంగతేం తెలుసని నేను పట్టించుకోలేదు. బండి పరీక్షకు పనికొస్తాయని నాలుగు తవుడు బస్తాలు కూడా కట్టించాడు. "పడితే తవుడు పడని. మనుషులొద్దు," అన్నాడు.

కోదాడలో వెల్డింగు పెట్టుకున్న మంగ్త్యా చక్రం పళ్ల మీద ఇత్తడి కరిగించి పోశాడు. నేను ఒక పగలంతా ఆకురాయి పట్టుకొని ఒక్కో పన్నునూ రుద్ది ఆకారానికి తెచ్చాను. బిగించి, మోకాలు పెట్టి ఎత్తి, ఒక్క దెబ్బ కొట్టాను. ఠక్! ఆ చప్పుడు విని సరళ కట్టె పట్టుకొని వాకిట్లోకి వచ్చింది.

"పడ్డదా మామా?"

"పడుడేంది బిడ్డా! ఇగ దీన్ని ఏనుగు గుంజినా రాదు. ఏనుగుకే తోక ఊడుతది."

తార ట్రాక్టరు నడిపిన మనిషి, లైసెన్సు ఉంది. తను స్టీరింగు పట్టింది, నేను పక్కన. వెనక నాలుగు తవుడు బస్తాలు. తండా అంతా రోడ్డు పక్కన నిలబడి చూస్తోంది. కాల్వ వంతెన దాకా బండి కొత్త పెళ్లికొడుకులా పోయింది. వంతెన మీద ఎగిరింది. వెనక్కి తిరిగి చూసేసరికి తలుపు బార్లా తెరుచుకొని ఊగుతోంది, బస్తాలు మూడే ఉన్నాయి. నాలుగోది రోడ్డు మీద పగిలి, తవుడంతా ఆరబోసినట్టు పరుచుకుంది.

మా వెనకాలే వస్తున్న చంద్రమౌళి ట్రాలీ ఆ తవుడు పక్కగా నెమ్మదిగా పోయింది. అందులో వేరే ఊరి ఆడవాళ్లు. అతను నవ్వాడు. కొబ్బరికాయ కొట్టినట్టు చేత్తో గాల్లో ఒక్కసారి చూపించి పోయాడు.

ఆ సాయంత్రం ముఠాలో ఇద్దరు ముగ్గురు, "ట్రాలీకి రెండు తాళ్లు కట్టిస్తే పోదమా తారా?" అని మెల్లగా అడిగారు. తార వాళ్లను కోప్పడలేదు. "బేస్తవారం దాక ఆగుండ్రి," అంది అంతే.

మరునాడు పొద్దున్నే నేను మళ్లీ ఆకురాయి పట్టుకొని కూర్చున్నాను. పళ్లు ఇంకా పొడుగ్గా ఉండాలేమోనని నా ఆలోచన. తార వచ్చి నిలబడింది.

"మామా, జర లాక్ తీసెయ్యి. ఉత్త తలుపేసి సూద్దాం."

"ఉత్త తలుపు ఎట్ల నిలబడతది?"

"నిలబడకపోని. యాడ ఆగుతదో సూద్దాం."

తీశాను. అలవాటు కొద్దీ మోకాలు తలుపు కింద పెట్టబోయాను.

"మోకాలు తియ్యి."

"అది పెట్టకపోతే తలుపు పడదు బిడ్డా. తండాల పుట్టినోళ్లందరికి ఎరుకే."

"ఎందుకు పడదు?"

నేను మోకాలు వెనక్కి తీశాను. ముప్ఫై ఏళ్లు వందల మందికి ఆ పాఠం చెప్పాను. ఎందుకని అడిగిన మొదటి మనిషి నా కోడలు.

తార వేలితో తలుపును తోసింది. అది మెల్లగా వచ్చి గుంజకానుకుంది. లాక్ ఉండే చోటు పట్టీకి ఎదురుగా లేదు, అర వేలెడు కిందికి ఉంది. మోకాలితో ఎత్తితే సరిగ్గా ఎదురొస్తుంది. బండి ఎగరగానే తలుపు మళ్లీ కిందికి జారుతుంది, పళ్లు విడిపోతాయి. ఇత్తడి కాదు, బంగారం పోసినా అంతే.

"లాక్‌కు ఏం కాలేదు," అంది తార. "తలుపే కిందికి జారింది."

తలుపును ముందరి గుంజకు పట్టి ఉంచే కబ్జాలు రెండు. పై కబ్జా సీల సుత్తితో కొట్టి బయటికి తీశాను. వేలంత లావు ఉండాల్సిన సీల నడిమధ్యలో కందిరీగ నడుములా సన్నబడి ఉంది. అది ఒకటి రెండేళ్లలో అరిగేది కాదు. బండి నా చేతికొచ్చినప్పుడే సగం అరిగి ఉంటుంది. అందుకే మొదటి రోజు తలుపు పడకపోతే మోకాలు పెట్టి చూశాను. పడింది. ఇంకేముంది, అదే విద్య అన్నాను.

తార ఆ సీలను చేతిలోకి తీసుకొని చూసింది.

"సరళక్క గట్టిగ పట్టుకోలేదన్నడు మౌళి," అంది. "బిచ్చా కాకా మోకాలు పెట్టలేదన్నవు నువ్వు."

సీల నా చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను సుత్తి కింద పెట్టాను. కోళ్లు వచ్చి కాళ్ల చుట్టూ తిరిగాయి. వాటి సీటు ఎప్పుడు వాపసిస్తానని కాబోలు.

తర్వాత లేచి, తండా ఆ చివరనున్న బిచ్చా ఇంటికి పోయాను. మంచం మీద కూర్చొని చీపురు అల్లుకుంటున్నాడు. కుడి కాలు ఎప్పటిలాగే కర్రలా ముందుకు చాపి ఉంది. ఆనాడు వంతెన కింద మడిలో అతను నిలువునా దిగలేదు. కుడి మోకాలు చితికేలా పడ్డాడు. నారుకట్ట చేతిలో లేదు. బీడీ అడగలేదు. ఖమ్మం దవాఖానలో రెండు నెలలున్నాడు. ఇదంతా నాకు తెలుసు. అతన్ని మోసుకెళ్లింది నేనే.

సీల అతని చేతిలో పెట్టాను. "గిది సూడు."

అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందిది?"

"తలుపు సీల. అరిగిపోయింది. తప్పు నీ మోకాలిది కాదు. ఎన్నడూ కాదు."

బిచ్చా చీపురు పుల్లలు సర్దుకున్నాడు. ఒక పుల్ల విరిచి పారేశాడు.

"దీన్ని ఇప్పటానికి ముప్ఫై అయిదేండ్లు పట్టిందారా నీకు?"

"పట్టింది."

"సుత్తి లేకుండెనా?"

"ఉండె. నోరు ఎక్కువుండె."

అతను నవ్వాడో లేదో నాకు తెలియలేదు. "నా మోకాలు ఆ దినం నుంచి మడవరాదు, లేవదు," అన్నాడు. "మోకాలు లేవనోడు నీ బండి తలుపు ఎట్లేస్తడు? అందుకే ఎక్కలే. మూతి ముడుచుకున్నడు అని చెప్పుకుంటివి ఊరంత."

చెప్పుకున్నాను. అది కూడా నిజమే.

కోదాడలో లేతు మిషను మీద రెండు కొత్త సీలలు, వాటికి ఇత్తడి బుష్‌లు తిప్పించాం. బిగించే రోజు తండా సగం మా వాకిట్లోనే ఉంది. తలుపు కబ్జాల మీద కూర్చోగానే తార ఒక్క వేలితో తోసింది. ఠక్ అనలేదు. మెత్తగా, పెద్దమనిషి దగ్గినంత చప్పుడు చేసి మూసుకుంది.

ఆ తర్వాత వచ్చింది అసలు తిప్పలు. బండి చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అలవాటుగా మోకాలు పెట్టి ఎత్తి, దడేల్మని కొట్టడమే! "అగో, కొట్టకుండ్రి! మోకాళ్లు ఇండ్లల్ల పెట్టి రాండ్రి!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. నేనే నేర్పిన విద్యను నేనే మాన్పించాల్సి వచ్చింది. శిరీష తలుపు మీద సుద్దముక్కతో రాసింది: మోకాలు వద్దు, రెండు వేళ్లు చాలు.

బుధవారం సూర్యాపేటలో ఫిట్‌నెస్‌కు పెట్టాం. ఇనస్పెక్టరు బండి వయసు చూసి కనుబొమలెగరేశాడు. చుట్టూ తిరిగాడు, బ్రేకులు తొక్కి చూశాడు. పక్క తలుపు మూడుసార్లు తీసి వేశాడు. నాలుగోసారి ఊరికే వేశాడు, ఆ చప్పుడు ఆయనకు నచ్చినట్టుంది. "ఈ తలుపెవరు చేశారు?" అని అడిగాడు. నా నాలుక చివర మా తాత, నిజాం కోట సిద్ధంగా ఉన్నారు. వాళ్లను మింగేసి, "మా కోడలు సార్," అన్నాను.

బేస్తవారం పొద్దున రోడ్డు మీద ఇరవై ముగ్గురు ఆడవాళ్లు. కాగితంలో ఎంతమంది కూర్చోవచ్చని రాసి ఉందో అంతమందినే ఎక్కిస్తానంది తార, మిగిలినవాళ్లకు రెండో ట్రిప్పు. చంద్రమౌళి ట్రాలీ కూడా వచ్చి ఆగింది. బెట్టు సడలిందేమో చూద్దామని వచ్చుంటాడు.

"ఎక్కండమ్మా, ఆఖరిసారి అడుగుతున్నా. రేపటి నుంచి నేను రాను."

"మంచిది. రాకు," అంది తార.

"ఆ డబ్బా మిమ్మల్ని కాలవలో కలుపుతుంది. మొన్న చూశాగా, తవుడు పోసుకుంటూ పోయారు."

"మొన్న తవుడు పడ్డది, నీ ట్రాలీల మనిషి పడ్డది," అంది సరళ. కట్టె ఊతంగా నిలబడి, అందరికీ వినబడేంత గట్టిగా అంది. "ఏది పడితే నీకు నవ్వొచ్చింది మౌళన్నా?"

చంద్రమౌళి గొలుసు వైపు చూశాడు. సరళ వైపు చూడలేదు.

శిరీష సద్దిమూటలోంచి కొబ్బరికాయ తీసి అతని చేతిలో పెట్టింది. "మాటిచ్చినవ్ గదన్నా. నువ్వు మర్సిపోతవని నేనే తెచ్చిన."

పీసు ఒలిచిన కాయ పట్టుకొని అతనట్లా నిలబడ్డప్పుడు తండా చివరి నుంచి ఒక మనిషి రావడం కనబడింది. కుడి కాలు పక్కకు విసురుతూ, చంకలో కర్ర. ఆడవాళ్లు దారి ఇచ్చారు.

బిచ్చా నా మొహం చూడలేదు. తలుపు దగ్గరికొచ్చి, దాని మీది సుద్దరాత చదివించుకున్నాడు. మెట్టు మీద కూర్చొని, ముందు కర్ర లోపల పడేసి, తర్వాత కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. ఎవరూ చేయి అందించలేదు. అందిస్తే కర్రతో కొట్టేలా ఉన్నాడు. తలుపు పక్క సీటులో సర్దుకొని కూర్చొని, మొదటి ట్రిప్పు ఆడవాళ్లంతా ఎక్కాక రెండు వేళ్లతో పిడి పట్టి లాగాడు.

మెత్తగా మూసుకుంది.

తెరిచాడు. మళ్లీ రెండు వేళ్లతో మూశాడు. వీపు తిప్పి తలుపుకానుకొని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. దేన్నీ పట్టుకోలేదు.

"కాకా, జర పక్కకు జరుగు, గా పిడి పట్టుకో," అంది తార స్టీరింగు దగ్గర్నుంచి.

"పట్టుకోను," అన్నాడు బిచ్చా. "నడుపు."

మా వెనక రోడ్డు మీద కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. కొట్టాడో, విసిరేశాడో నేను చూడలేదు. ముందు సీట్లోంచి నేను బిచ్చా వీపునే చూస్తున్నాను.

కాల్వ వంతెన వచ్చింది. తార వేగం తగ్గించబోతే, "తగ్గించకు బిడ్డా, ఎప్పటిలెక్కనే పోనీ," అన్నాడతను. బండి ఎగిరింది. సద్దిగిన్నెలన్నీ ఒక్కసారి గలగలలాడాయి. బిచ్చా తల వెళ్లి తలుపుకు తగిలింది. తలుపు తలుపులాగే ఉంది.

వంతెన దాటాక బిచ్చా గొంతు వినబడింది.

"అరే హర్యా. గీడికొస్తే కథ చెప్తవు గదా. చెప్పు మరి."

నేను ముందుకే చూస్తూ చెప్పాను. "ముప్ఫై అయిదేండ్ల కింద గీడ నా బండి తలుపు తెరుసుకున్నది. బిచ్చా పడ్డడు. తలుపు సూసుకోవాల్సింది నేను, సూసుకోలే."

బండిలో ఎవరూ నవ్వలేదు. వరి మళ్లలో నీళ్లు మెరుస్తూ వెనక్కి పోతున్నాయి. కాసేపటికి వెనక నుంచి మోచేత్తో తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

"మస్తు చిన్నగైంది కథ," అన్నాడు బిచ్చా. "పాతదే మంచిగుండె." కొంచెం ఆగి అన్నాడు: "అయినా ఇగ గిదే చెప్పు."